దీపం ఆర్పాక చెప్పుకున్న మాట

కొత్తకోడలు కాపురానికొచ్చి నెల తిరక్కుండానే అత్తగారి దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మామగారికి తనంటే గిట్టడం లేదట. తిట్టారా అంటే లేదు. వంకలు పెట్టారా అంటే అదీ లేదు. మరేమిటే తల్లీ అని గుచ్చి గుచ్చి అడిగితే, తనతో మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా ఆయన మొహం పక్కకు తిప్పుకుని గోడకేసి చూస్తూ మాట్లాడతారట. మంచినీళ్ళు కావాలన్నా గోడకే చెబుతారు, చాలన్నా గోడకే చెబుతారు. తన మొహం ఆ సున్నం గోడపాటి కూడా చెయ్యదా అని ఆ పిల్ల బాధ.

అత్తగారు మొదట పెదవి బిగబట్టింది. తర్వాత ఆగలేక నవ్వేసింది. నవ్వీ నవ్వీ ఆవిడకూ కళ్ళనీళ్ళు వచ్చాయి. వాటిలో నవ్వుకు వచ్చినవి ఎన్నో, మిగతావి ఎందుకు వచ్చాయో ఆవిడకే తెలియాలి.

"పిచ్చిదానా, ఆయన నాతోనూ అలాగే మాట్లాడతారు. పెళ్ళయిన కొత్తలో నేనూ ఇదిగో ఇక్కడే కూర్చుని ఏడ్చాను" అంది.

ఆ వీధిలో ఈ అత్తగారిని దీపాలమ్మ అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది వాడకం లేక తుప్పుపట్టిపోయింది. దీపాలమ్మ అన్నది ముద్దుకు పెట్టిన పేరనుకునేరు, వెటకారానికి పెట్టింది. ఎందుకు పెట్టారో తెలియాలంటే గని నడిచే రోజుల్లోకి పోవాలి. అక్కడికి పోవడమంటే ఆవిడకు ఎప్పుడూ ఇష్టమే.

ఇప్పుడంటే గని మూతపడింది. మనుషుల్ని కిందికి దించే యంత్రాన్ని ఊడదీసి ముక్కలుగా అమ్మేశారు. చుట్టూ కంచె వేశారు, కంచె లోపల గడ్డి నడుమెత్తు పెరిగింది. ఆ రోజుల్లో ఆ వీధి వీధంతా గని కూతకే లేచేది, గని కూతకే పడుకునేది. షిఫ్టు దిగి వస్తున్న బూట్ల చప్పుడు మలుపులో ఉండగానే ఏ ఇల్లాలికి ఆ ఇల్లాలు తన మనిషిని పోల్చుకునేది. పెరటి తీగల మీద బట్టలు ఎంత ఉతికినా బూడిదరంగు వదిలేవి కావు. మసి ఎక్కడ ఉండకూడదో సరిగ్గా అక్కడే ఉండేది: పాలగిన్నె అంచున, పసిపిల్ల చెవి వెనక, పెళ్ళిఫోటో అద్దం మీద. తిట్టుకుంటూ తుడిచేవాళ్ళు, తుడుస్తూ తిట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ఇల్లు అద్దంలా ఉంది, దీపాలమ్మ చేతికి పని లేదు. మసి లేని ఇల్లు కూడా ఒక ఇల్లేనా అని అప్పుడప్పుడు గొణుగుతుంది. మనిషికి ఏది పోతే అదే ముద్దు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆవిడకు ఈ గోడ సంగతి తెలియదు. మొగుడు చూస్తే బెల్లం కొట్టిన రాయి. ఉలుకూ పలుకూ ఉండేది కాదు. పలికిన ఆ రెండు ముక్కలూ కిటికీకో తలుపుకో చెప్పేవాడు. తనను ఇష్టం లేకుండా కట్టుకున్నాడని ఆవిడ తేల్చేసుకుంది. పుట్టింటికి పోదామని బట్టలు సర్దుకుంటుంటే, ఆయనతో పాటు గనిలో పనిచేసే ఆయన ఇంటికొచ్చి, సర్దుడు చూసి, సంగతి అడిగి, నేల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అమ్మాయ్, కింద మా అందరికీ దీపం టోపీ మీద ఉంటుంది. తల ఎటు తిప్పితే వెలుతురు అటు పోతుంది. నీ మొహంలోకి చూసి మాట్లాడితే నీ కళ్ళు పోతాయి. కింద ఒక్క క్షణం కళ్ళు కనపడకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని మొదటి రోజే నేర్పేస్తారు, ఎదుటివాడి మొహం మీద దీపం వెయ్యకూడదు, మాట్లాడాలంటే తల పక్కకు తిప్పాలి అని. ఇక ఆ మెడ పైకొచ్చినా తిరగదు."

అప్పుడు గమనించింది ఆవిడ. ఆ వీధి మగవాళ్ళంతా ఆ బాపతే. టీకొట్టు దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకడు తూర్పు చూసేవాడు, ఇంకొకడు పడమర చూసేవాడు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు వీళ్ళకేదో పడలేదనుకుని మధ్యవర్తిత్వానికి పోయేవాళ్ళు. ఆవిడ సర్దిన బట్టలు మళ్ళీ తీసి తీగ మీద ఆరేసింది.

ఆ వచ్చి చెప్పినాయన పేరు వాగుడుకాయ. ఆవిడ మొగుడి పేరు మూగోడు. గని పెట్టిన పేర్లే రెండూ. కింద పని ఇద్దరిద్దరు జోడీగా చేస్తారు. ఒకడు తవ్వుతుంటే ఇంకొకడు పైకప్పు చప్పుడుకు చెవి ఒగ్గి ఉంటాడు, కాబట్టి ఒకడి ప్రాణం ఇంకొకడి చెవిలో ఉంటుందని సామెతలా చెప్పుకునేవాళ్ళు. మూగోడు వాగుడుకాయను అన్నా అనేవాడు. ఏళ్ళ తరబడి ఒకే జోడీ. వాగుడుకాయ నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా అనేది. షిఫ్టు దిగి వీధిలో అడుగు పెడితే చాలు, ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఓ మాట అప్పగించి గానీ ఇల్లు చేరేవాడు కాదు. ఆయన భార్య ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని గని వాళ్ళ చొక్కాలకు మాసికలు వేసేది, అందుకని ఆవిడ మిషనక్క. మొగుడి కబుర్లు వీధి చివర మొదలైతే తను ఇక్కడ పొయ్యి వెలిగిస్తాననీ, ఆయన వచ్చేసరికి వంట దిగుతుందనీ చెప్పి నవ్వించేది.

ఒక పగటి షిఫ్టులో పైకప్పు బండ దిగింది. మూగోడు బయటపడ్డాడు. వాగుడుకాయ పడలేదు.

మూగోడి చేతికి తగిలిన దెబ్బ మానింది. నోరు మాత్రం పూర్తిగా మూతపడింది. గోడతో చెప్పే ఆ రెండు ముక్కలు కూడా మానేశాడు. పనికి పోడు, తిండి సరిగా తినడు, నిద్రపోడు. చీకట్లో బండ కింద చిక్కుకుని వచ్చిన మనిషి కదా, చీకటంటే భయం పట్టుకుందని దీపాలమ్మ అనుకుంది. పొరుగువాళ్ళూ అదే అన్నారు. ఇంకేం, బల్బులు తెచ్చింది. ముందుగదిలో రెండు, వంటింట్లో ఒకటి, పెరట్లో ఒకటి, చివరికి కిటికీ కూడా లేని కొట్టుగదిలోనూ ఒకటి. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేవి. ఆవిడకు ఆ పేరు అప్పుడు పడింది. దీపాలమ్మ ఇల్లు చూస్తే దొంగలకు కూడా కళ్ళు బైర్లు కమ్ముతాయని ఎగతాళి చేసేవాళ్ళు. ఆ వెలుగంతటి మధ్యా ఆయన మొహం మీద తువ్వాలు కప్పుకుని కూర్చునేవాడు. కప్పుకుంటున్నాడే, ఎందుకబ్బా అని ఆవిడకు తట్టలేదు. ఆవిడ తప్పు కాదు. భయపడ్డ మనిషికి బుర్ర ఒకవైపే పరిగెత్తుతుంది.

ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. అంతకు ముందు ఏడు పక్క వీధిలో ఒకాయన ఇలాగే, ఒక ప్రమాదంలోంచి బయటపడి, మాట మానేశాడు. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందని ఇంట్లో వాళ్ళు ఊరుకున్నారు. ఒక ఉదయం చెప్పులేసుకుని బయటికి పోయిన మనిషి మళ్ళీ ప్రాణాలతో ఇంటికి రాలేదు. అది గుర్తొచ్చి దీపాలమ్మ మొగుడి చెప్పులు బియ్యం డబ్బా వెనక దాచింది. గుమ్మానికి అడ్డంగా పడుకునేది. చెప్పులు లేకపోతే మనిషి పోడా అని మనకు నవ్వు రావచ్చు, ఆవిడకు అప్పుడు రాలేదు.

ప్రమాదం తర్వాత కంపెనీ వాళ్ళు మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మను ఒకరిని తెచ్చారు. మంచి పనే. తెచ్చి ఎక్కడ కూర్చోబెట్టారు? ఆఫీసు పక్కన, అద్దాల తలుపున్న గదిలో. లోపలికి ఎవరు పోయారో, ఎంతసేపు కూర్చున్నారో, ఏడ్చారో లేదో రోడ్డు మీద కుక్కకు కూడా కనపడేది. పొద్దున ఆ గది మెట్టు ఎక్కినవాడు సాయంత్రానికి టీకొట్టు దగ్గర పిచ్చోడు అయిపోయేవాడు. ఇంక ఎవడు పోతాడు? డాక్టరమ్మ రోజంతా ఈగలు తోలుకుంటూ కూర్చునేది.

దీపాలమ్మ సిగ్గూ ఎగ్గూ పక్కనబెట్టి మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. నెత్తిమీద రెండు ట్యూబులైట్లు, ఎదురెదురుగా రెండు కుర్చీలు. డాక్టరమ్మ మెత్తగానే మాట్లాడింది. కంగారు లేదు, నా వైపు చూసి నెమ్మదిగా చెప్పండి అంది. ఆయన చేత్తో కళ్ళు మూసుకుని వణికిపోయాడు. ఇంటికొచ్చి ఆ పూటా, మర్నాడూ మెతుకు ముట్టలేదు.

విషయం తెలిసి డాక్టరమ్మే ఇంటికి వచ్చింది. దీపాలమ్మ గుమ్మంలోనే నిలబెట్టి నోటికొచ్చిందల్లా అనేసింది. చదువుకున్నవాళ్ళు బాగుచేస్తారని తీసుకొస్తే ఉన్నది కాస్తా ఊడగొట్టారంది. ఆ పిల్ల, పిల్లే మరి, ముప్పై కూడా నిండి ఉండవు, అంతా ఓపిగ్గా విని, మీరన్నది నిజమే, నావల్ల పొరపాటు జరిగింది అని ఒప్పుకుంది. పోట్లాటకు సిద్ధపడ్డ దీపాలమ్మకు చేతిలో ఆయుధం జారిపోయింది. లోపలికి రమ్మని టీ ఇచ్చింది. వెళ్ళేముందు డాక్టరమ్మ ఒక్క మాట అడిగింది.

"అమ్మా, ఇదివరకు ఆయన మనసులో మాట ఎక్కడ చెప్పుకునేవారు?"

"నాకే చెప్పరు, ఇంకెక్కడ చెబుతారు?" అంది దీపాలమ్మ.

అన్నదే గానీ ఆ ప్రశ్న చెవిలో జోరీగలా చేరింది. గిన్నెలు తోముతున్నా అదే, బట్టలు పిండుతున్నా అదే. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇన్నేళ్ళు ఒక మనిషి బతకగలడా? మెలకువగా ఉన్న బతుకులో సగం గనిలోనే గడిచింది. గనిలో పక్కన ఉన్నది ఒక్కడే. ఆ ఒక్కడి సంగతి తెలిసిన మనిషి నాలుగు గుమ్మాల అవతల మిషను తొక్కుకుంటోంది. కానీ అక్కడికి పోవడానికి దీపాలమ్మకు కాళ్ళు రాలేదు. వాగుడుకాయను మట్టిలో కలిపిన రోజు తర్వాత ఆ గడప తొక్కలేదు. నా మనిషి పైకొచ్చాడు, నీ మనిషి రాలేదు అని మొహంలో కనపడుతుందేమో అని జంకు. ఎదురుపడితే పక్క సందులోంచి తప్పుకుని పోయేది. మంచి మనుషులు చేసే పాపిష్టి పనుల్లో ఇదొకటి.

చివరికి మాసిక వెయ్యాల్సిన చొక్కా ఒకటి వంకగా పట్టుకుని వెళ్ళింది. మిషనక్క పెడలు మీది కాలు తియ్యకుండానే, ఇన్నాళ్ళకు దారి తెలిసిందా అంది. ఆ ఒక్క మాటకు దీపాలమ్మ గుమ్మంలోనే భోరుమంది. మిషనక్క మిషను ఆపింది. ఆపగానే ఆ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో ఇద్దరికీ తెలిసింది. అందుకే ఆపనే, ఆయన మాటలు లేని ఇంట్లో ఈ చప్పుడైనా ఉండాలి అంది మిషనక్క. తర్వాత ఇంకో మాట కూడా అంది. అంత మాటకారి చివరికి చీకట్లో ఒక్కడే, పలకరించే దిక్కు లేకుండా పోయాడే, ఆ సంగతి తలుచుకుంటే నాకు ముద్ద దిగదు అంది. దీపాలమ్మ చొక్కా నలుపుతూ కూర్చుంది.

కాసేపటికి డాక్టరమ్మ అడిగిన ప్రశ్న బయట పెట్టింది. మిషనక్క వింతగా చూసింది.

"నీకు తెలీదా? మీ ఆయన మాట్లాడేవాడే. మా ఆయనే వినేవాడు."

సంగతేమిటంటే, కింద భోజనాల వేళ దీపాలు ఆర్పేసుకునేవాళ్ళట. పాత బ్యాటరీలు, షిఫ్టు చివరిదాకా రావాలంటే పొదుపు తప్పదు. ఆ చీకట్లో పక్కపక్కన కూర్చుని క్యారియర్లు విప్పుకునేవాళ్ళు. దీపం ఆరిందంటే మొహాలు లేవు, తల తిప్పే పని లేదు. అప్పుడు మూగోడు మొదలుపెట్టేవాడట. పెళ్ళాం గురించి, పిల్లాడి జ్వరం గురించి, కల గురించి, భయం గురించి. వాగుడుకాయకు పని ఒక్కటే, ఊఁ కొట్టడం. నాకు కింద నోరు తెరిచే సందు మా తమ్ముడు ఇవ్వడు, అందుకే పైకొచ్చి కక్కుతాను అని చెప్పి నవ్వేవాడట.

ఏం చెప్పేవాడో చెప్పమని దీపాలమ్మ ఆత్రంగా చెయ్యి పట్టుకుంది. మిషనక్క తల అడ్డంగా ఊపింది. దీపం ఆర్పాక చెప్పుకున్న మాట పైకి రాకూడదట, అది గని కట్టుబాటు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, అన్నేళ్ళలో ఒక్క మాట కూడా పెళ్ళానికి జారవిడవలేదు. అది విని దీపాలమ్మకు మొదట కుళ్ళు వచ్చింది. తనకు దక్కాల్సిన మాటలన్నీ ఎవరికో దక్కాయని కుళ్ళు. ఆ వెంటనే వాగుడుకాయ మీద ఎక్కడ లేని ప్రేమా పుట్టుకొచ్చింది. వెర్రిమొహం నవ్వొకటి నవ్వింది, మిషనక్క కూడా నవ్వింది. ఇద్దరూ నవ్వి చాలా కాలమైంది.

ఆ తర్వాత దీపాలమ్మ ఇంటికొచ్చి చేసిన మొదటి పని, కొట్టుగదిలో బల్బు ఊడదీయడం. రెండో పని, అటకెక్కించిన క్యారియరు దింపి, తోమి, షిఫ్టుకు కట్టినట్టే అన్నమూ కూరా కట్టడం. మిట్టమధ్యాహ్నం వేళ, ట్రంకుపెట్టె జరపాలి రండి అని మొగుణ్ణి కొట్టుగదిలోకి పిలిచి, వెనకాల తలుపు మూసేసింది. ఎండ నెత్తినెక్కిన వేళ ఆ గది మాత్రం కాటుక చీకటి. పాత గోనెల వాసన, సబ్బుల వాసన. ఆయన బిత్తరపోయి నిలబడ్డాడు. ఆవిడ గోనె మీద కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, తడుముకుంటూ క్యారియరు గిన్నె ఒళ్ళో పెట్టింది. ఎదురుగా కూర్చోలేదు, పక్కనే కూర్చుంది.

గిన్నె మూత తీసిన చప్పుడైంది. నమిలిన చప్పుడైంది. ఆ చప్పుడుకే ఆవిడ గుండె కొట్టుకుంది. చాలాసేపటికి చీకట్లోంచి ఒక గొంతు, వాడకం లేక బొంగురుపోయింది, కూరలో ఉప్పు తక్కువైందంది. ఇంకెప్పుడైనా అయితే ఆవిడ ఊరుకునేదా? వండిన వంటకు వంక పెడితే మూడు తరాలను కడిగేసేది. ఆ రోజు మాత్రం ఒక్కటే అంది.

"ఊఁ."

ఊఁ కొట్టడమంత కష్టమైన పని లోకంలో లేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది. ప్రతి మధ్యాహ్నం కొట్టుగదికి పోయేవాళ్ళు. మొదట్లో తలుపు కీచుమంటోందనీ, గోనె మెత్తగా ఉందనీ మాట్లాడాడు. తర్వాత తన తల్లి గురించి చెప్పాడు. పెళ్ళిచూపుల నాడు తనను చూసి కాళ్ళు వణికాయని కూడా చెప్పాడు, అది విని ఆవిడ చీకట్లోనే సిగ్గుపడింది. ఆ సుఖం మీదే ఉండిపోదామనిపించింది. ఒకనాడు క్యారియరు తెరవకుండా పక్కన పెట్టేశాడు.

"ఆ రోజు చప్పుడు ముందు నాకే వినపడింది. పరిగెత్తమని అరిచాను. అరుస్తూ మొహం అన్న వైపు తిప్పేశాను. దీపం తిన్నగా కళ్ళలో పడింది. అన్న చెయ్యి అడ్డం పెట్టుకుని అక్కడే ఆగిపోయాడు. మొదటిరోజు నేర్చుకున్న పాఠమే, మర్చిపోయాను. అన్నను చంపింది బండ కాదు, నా దీపం."

దీపాలమ్మ నోటిదాకా వంద మాటలు వచ్చాయి. కాదనీ, అలా అనుకోకూడదనీ, మీ తప్పేం లేదనీ. గనిలోకి ఒక్కరోజైనా దిగని మనిషి ఆ మాటలు అంటే ఆయన మళ్ళీ తువ్వాలు కప్పుకుంటాడని తెలుసు. ఇంటి నిండా తను వెలిగించిన బల్బులు గుర్తొచ్చాయి. ఆ మనిషి ఏ వెలుగును చూసి కుమిలిపోతున్నాడో ఆ వెలుగునే తెచ్చి నెత్తిన పోసింది. ఆయన చెయ్యి వెతుక్కుని గట్టిగా పట్టుకుని ఊఁ అంది. ఆ సాయంత్రం ఒక్కటి తప్ప బల్బులన్నీ ఊడదీసి పెట్టెలో పెట్టింది.

కానీ ఆ మాట ఆవిడ గుండెల మీద కూర్చుంది. మింగలేదు, కక్కలేదు. డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఆయన చీకట్లో మాట్లాడుతున్నాడు, ఒక పెద్ద మాట చెప్పాడు, అదేమిటో చెప్పకూడదు అంది. డాక్టరమ్మ చెప్పమని అడగలేదు. మీ దగ్గరే ఉంచండి, కానీ ఆ మాట అసలు ఎవరికి చేరాలో ఆయన్నే అడిగి చూడండి, తొందరపెట్టకండి అంది. మర్నాడు కొట్టుగదిలో అడిగింది. ఆయన, వదినకు అన్నాడు. అని, చెప్పలేను, వదిన మొహం చూడలేను అన్నాడు. చూడక్కర్లేదు కదా అంది ఆవిడ.

మిషనక్క వచ్చింది. సామాన్ల మధ్య ముగ్గురికీ చోటు చాల్లేదు, మోకాళ్ళు మోకాళ్ళు తగిలాయి. తలుపు మూశాక ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. చప్పుడు, అరుపు, తిప్పిన మెడ, పడిన వెలుతురు, అడ్డం పెట్టుకున్న చెయ్యి, ఏదీ దాచలేదు. దీపాలమ్మ, తను చేసింది ఎంత మూర్ఖపు పనో, ఇప్పుడీ ఆడమనిషి లేచి మొహాన ఉమ్మేసి పోతే ఈయన ఏమైపోతాడో అని బిక్కచచ్చి కూర్చుంది. బియ్యం డబ్బా వెనక చెప్పులు గుర్తొచ్చాయి.

"ఇక్కడ బ్యాటరీ లైటు ఉందా?" అంది మిషనక్క.

అరలో ఉంది. దీపాలమ్మ తడిమి ఇచ్చింది. మిషనక్క దాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"వెయ్యి మరిదీ. నా మొహం మీద వెయ్యి."

ఆయన వెయ్యలేనన్నాడు. ఆవిడ పట్టు విడవలేదు. చివరికి మీట నొక్కాడు. వెలుతురు పడగానే మిషనక్క కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఎవరైనా పెట్టుకుంటారు. తర్వాత నెమ్మదిగా చెయ్యి దించింది. ఆ వెలుతురు వచ్చే దిక్కుకే, నీళ్ళు కారుతున్న కళ్ళతో చూస్తూ కూర్చుంది.

"నువ్వు కనపడటం లేదు. కానీ ఎదురుగా ఉన్నావని తెలుస్తోంది" అంది. "ఆయనకూ తెలిసే ఉంటుంది. ఇన్నాళ్ళూ చీకట్లో ఒక్కడే పోయాడనుకున్నాను. నీ అరుపు చెవిలో ఉంది, నీ దీపం మొహం మీద ఉంది. ఒంటరిగా పోలేదు నా మొగుడు."

మూగోడు ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, వదిన మోకాలి మీద తల పెట్టి, ఇంటి గోడలు వినేట్టు ఏడ్చాడు. ఆ ఏడుపు విని పొరుగువాళ్ళు పరిగెత్తుకొస్తే దీపాలమ్మ గుమ్మంలో నిలబడి, మా ఆయన ఏడుస్తున్నాడు, బాగానే ఉన్నాడు, పొండి అని పంపేసింది.

దీపం ఆర్పాక చెప్పిన ఆ మాటను పైకి తెచ్చింది మిషనక్కే. ఆ మాట నాది, నా ఇష్టం అని వీధి వీధంతా చెప్పుకుంది. నా మొగుడు వెలుతురులో పోయాడు అని చెప్పేటప్పుడు ఆవిడ తల ఎత్తుకునేది. ఆవిడ పోయేదాకా మిషను తొక్కింది గానీ, మధ్యలో ఆపి కూర్చోవడానికి భయపడలేదు.

అంతటితో అన్నీ సర్దుకున్నాయంటే అబద్ధమవుతుంది. మూగోడికి నిద్ర సరిగా పట్టడానికి చాలా కాలం పట్టింది. డాక్టరమ్మ దగ్గరికి వారం వారం పోయాడు. ఆ పిల్ల అద్దాల గది వదిలేసి, దీపాలిచ్చే గది వెనకనున్న పాత సామాన్ల కొట్టు అడిగి తీసుకుంది. కుర్చీలు పక్కపక్కన వేసింది, లైటు తీయించేసింది. షిఫ్టుకు పోయే ప్రతివాడూ దీపం కోసం ఎలాగూ అటే పోవాలి కనుక ఎవడు ఎందుకు పోయాడో ఎవరికీ తెలిసేది కాదు. నెమ్మదిగా ఒకడు, ఇంకొకడు. తర్వాత వాళ్ళ పెళ్ళాలు కూడా, మాసిపోయిన బట్టల మూట చంకన పెట్టుకుని ఏదో పనున్నట్టు. మూగోడు మళ్ళీ కిందికి దిగలేదు. గని మూసేదాకా దీపాలిచ్చే గదిలోనే పనిచేశాడు. ప్రతి దీపం వెలిగించి చూసి, తల పక్కకు తిప్పి ఇచ్చేవాడు.

ఇదంతా విని కొత్తకోడలు కళ్ళు తుడుచుకుని, మరి నేనేం చెయ్యాలత్తయ్యా అని అడిగింది.

మధ్యాహ్నమైంది. ఏళ్ళుగా అలవాటైన వేళకు మామగారు లేచి, క్యారియరు పట్టుకుని కొట్టుగది వైపు నడిచాడు. దీపాలమ్మ కోడలి వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. ఇవాళ నా చోట నువ్వు కూర్చో, ఎదురుగా కాదు, పక్కన, ఏమీ అనకు, ఊఁ కొట్టు అంది.

తలుపు మూసుకుంది. తర్వాత గిన్నె మూత తీసిన చప్పుడు, ఆ వెనకే ఆయన గొంతు. ఆగకుండా, తెరిపి లేకుండా సాగిపోతోంది. మధ్యమధ్యలో ఆ పిల్ల గొంతు, ఊఁ, ఊఁ. అన్నేళ్ళుగా తన సొంతమనుకున్న ఆ గొంతు తలుపు అవతలినుంచి వింటుంటే దీపాలమ్మకు కొంచెం కుళ్ళూ, కొండంత నిబ్బరమూ ఒకేసారి కలిగాయి. తనకు ముందుపోయే వరస వస్తే ఈయన మాట వినడానికి ఒకరున్నారు. ఏం చెబుతున్నాడో తెలుసుకోవాలని మనసు పీకింది. ఒక్క అడుగు తలుపు దాకా వేసింది కూడా. వేసి, ఆగి, లెంపలేసుకుని, ఆ మాటలు వినపడనంత దూరం పెరట్లోకి పోయి, మసి లేని బట్టలను తీగ మీంచి తీసి మడతలు పెట్టుకుంటూ కూర్చుంది.